రెండు గొర్రెల ధర

నారీన్ బజారులో నా కొట్టు ఒక ఇనుప కంటైనరు.
జనవరిలో లోపల ఊపిరి కూడా పొగే.
టంకం కడ్డీ దగ్గర వేళ్లు కాచుకుంటూ ఉంటే
అదినాయ్ వచ్చింది, వెనకాలే వాళ్ల నాన్న.
ఉన్ని శాలువలో చుట్టిన పాత లాప్‌టాప్‌ని
పసిబిడ్డను దించినట్టు బల్ల మీద దించాడు.

"రెండు గొర్రెలు పోయాయమ్మా దీనికి."
ఎన్ని సోములో చెప్పలేదు.
ఈ లోయలో అది చెప్పక్కర్లేని లెక్క.

మూత ఎత్తితే వెనకటి యజమాని విండోస్
మూలుగుతూ లేచింది, టీ చల్లారేలోపు.
కింద మూలన ఒక హెచ్చరిక:
ఇది అసలు ప్రతి కాదు, అని.
పిల్ల చెవులు ఎర్రబడ్డాయి,
దొంగసొత్తు తనే ఎత్తుకొచ్చినట్టు.

పై వారం బిష్కెక్ ప్రయాణం. పశువైద్యం, రెండో ఏడు.
పెదనాన్న కొడుకు ఐబెక్ చీటీ రాసిచ్చాడు:
ఆర్చ్ పెట్టించుకో, రోజూ కొత్తదే, మెరుపు.
నేను కొట్టు తలుపు తీసి చూపించాను.
దూరపు కొండలు నునుపు, చూడు,
ఇక్కణ్ణించి అంతా పాలమీగడే.
ఎక్కినవాడి మోకాళ్లను అడగాలి.

"హాస్టల్లో నెట్ ఎట్లా ఉంటుంది?"
"రాత్రి పదకొండు దాటాక, మెట్ల మీద కూర్చుంటే."
"కరెంటు?"
నవ్వింది.
"పరీక్ష ముందురాత్రి అది కొత్తగా మారిపోతే?"
నవ్వలేదు.

అప్పుడు తీశాను డెబియన్ ఉన్న పెన్‌డ్రైవ్.
ఎక్కించలేదు ఇంకా, ఊరికే నడిపించాను,
గుర్రాన్ని కొనేముందు సంతలో నాలుగడుగులు నడిపించినట్టు.
మూత మూశాం, తెరిచాం, నిద్ర లేచింది.
పాట పలికింది.
"నీ మాట ఒకటి కొట్టు" అన్నాను.
ఊపిరితిత్తి, అని కొట్టింది మా భాషలో.
నడుముకు పట్టీ కట్టిన రెండు సున్నాలూ
ఒక్కటీ చెదరకుండా తెర మీద నిలబడ్డాయి.

ఉన్నమాట చెప్పాలి: వైఫై మాత్రం మొండికేసింది.
ఇరవై నిమిషాలు, ఆ చలిలో, నాకు చెమట.
చివరికి చచ్చిన మరో యంత్రంలోని కార్డు ఊడదీసి
దీనికి బిగించాను. దాని సంగతి బిల్లులో రాయలేదు.

అంతసేపూ మాట్లాడని నాన్న అడిగాడు,
"ఎవరిది ఇది?"
"ఎవరిదీ కాదు."
"ఎవరిదీ కాని గొర్రెను
తోడేలు తింటుంది."

ముప్పై ఏళ్లుగా రేడియోలు, ఫోన్లు, టీవీలు విప్పుతున్నదాన్ని
ఆ మాటకు నట్టు ఎక్కడుందో వెతుక్కున్నాను.
"మరి ఎండాకాలం మీరెక్కే మేతబీడు ఎవరిది?
ఊటలో పడ్డ రాళ్లు ఏటా తీసేది ఎవరు?"
"ముందు చేరినవాడు."
"ఇక్కడా అంతే. కాకపోతే
ఎవరు ఏ రాయి తీశాడో రాసి ఉంటుంది,
నువ్వైనా చదువుకోవచ్చు."

ఒప్పుకోలేదు. తెల్ల టోపీ తీసి,
లోపల ఏదో చూసి, మళ్లీ పెట్టుకున్నాడు.
"ఎక్కించు" అన్నాడు.

జూన్‌లో అదినాయ్ గుమ్మంలో కనిపిస్తే
గుండె జారింది. గుమ్మం దాకా వచ్చిన గిరాకీ
శుభవార్త తెచ్చింది ఎప్పుడని?
చేతిలో లాప్‌టాప్ లేదు.
ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి, గదిలో ముగ్గురికి కావాలట.
"నీది ఎట్లా ఉంది?"
కాసేపు ఆలోచించింది, గుర్తు రానట్టు.
"ఏమో. ఉంది."

ఆ "ఏమో" కోసమే కదా ఇన్నేళ్లూ
ఈ ఇనుప డబ్బాలో కూర్చున్నాను.

పోతూ పోతూ ఒక గుడ్డసంచి పెట్టింది బల్ల మీద.
ఎండిన పెరుగుండలు, ఉప్పగా, రాళ్లలా.
నాన్న పంపాడట.
తన గొర్రెల పాలవేనట,
ఎవరిదీ కానివి కావట,
మరీ మరీ చెప్పమన్నాడట.